కొత్త అక్వేరియంలో నత్రజని చక్రస్థాపన: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నీటి నేపథ్యం

వ్యాససంగ్రహం

ఇంట్లో కొత్తగా ఏర్పాటు చేసుకున్న గాజుతొట్టిలో చేపలు రెండు మూడు వారాలలోపే చనిపోవడం సాధారణంగా కనిపించే విషయం. నీరు తేటగానే ఉంటుంది, మేతకు లోటుండదు. అయినా చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఒకటొకటిగా నశిస్తాయి. నత్రజని చక్రం ఇంకా స్థిరపడకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ఈ చక్రంలోని దశలను, దానిని నడిపించే సూక్ష్మజీవులను గుర్తించిన క్రమాన్ని వివరించడం, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఇళ్లలో లభించే మూడు రకాల నీటిలో ఈ చక్రాన్ని స్థాపించే విధానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: నత్రజని చక్రం, నత్రీకరణం, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, క్షారత, అక్వేరియం, చెరువు.

1. ఉపోద్ఘాతం

పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ప్రత్యేక జిల్లాలుగా ఏర్పడ్డాయి. ఇవి చెరువుల సీమలు. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. దాని గట్టున లభించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యాధారం. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లకు సమీపాన గణపసముద్రం ఉంది. జనగామ ప్రాంతం వర్షాభావానికి పేరుపడినా అక్కడ కూడా చెరువు లేని ఊరు అరుదు. తరతరాలుగా చెరువుల్లో చేపలు పట్టి జీవించిన ప్రాంతమిది. ఇక్కడి పట్టణాల ఇళ్లలోకి నేడు గాజుతొట్టెలు చేరుతున్నాయి.

గాజుతొట్టిలో చేపలు చనిపోయినప్పుడు అమ్మినవారిని, నీటిని, చివరకు దిష్టిని కూడా నిందించడం పరిపాటి. వెంటనే తొట్టిని ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, కొత్త నీరు పోసి, కొత్త చేపలను తెస్తారు. కొద్దిరోజులకు అవీ చనిపోతాయి. నిజానికి తొట్టిని కడిగిన ప్రతిసారీ అప్పుడప్పుడే మొదలైన ఒక జీవప్రక్రియ మళ్లీ మొదటికి వస్తోంది. కొత్త తొట్టిలో మొదట పెంచవలసింది చేపలను కాదు, వాటి విసర్జితాలను మార్చగల సూక్ష్మజీవులను. ఈ వ్యాసం ప్రతిపాదన ఇదే.

2. నత్రజని చక్రంలోని దశలు

2.1. అమ్మోనియా

చేపలు తమ శరీరంలోని వ్యర్థ నత్రజనిలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి వదులుతాయి. తినకుండా మిగిలిన మేత, చేపల మలం, కుళ్లిన ఆకులు కూడా చివరకు అమ్మోనియాగానే మారుతాయి. దీని పరిమాణాన్ని చిన్న లెక్కతో ఊహించవచ్చు. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. 40 శాతం మాంసకృత్తులున్న మేతను రోజుకు అర గ్రాము వేస్తే అందులో 32 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అందులో సగం చేప శరీరంలో నిలిచి, సగం నీటిలోకి వస్తుందనుకుంటే, 50 లీటర్ల తొట్టిలో రోజుకు లీటరుకు 0.32 మిల్లీగ్రాముల చొప్పున చేరుతుంది. పది రోజులకు అది 3.2 మిల్లీగ్రాములు అవుతుంది.

ఇందులో ఎంత భాగం విషపూరితమన్నది నీటి ఆమ్ల-క్షార గుణాన్ని, అంటే పి.హెచ్. విలువను, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం గల అమ్మోనియం అయాన్ చేపకు అంతగా హాని చేయదు. ఆవేశం లేని అమ్మోనియా మాత్రం మొప్పల పొరను సులభంగా దాటి లోపలికి పోతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో 0.8 శాతం మాత్రమే ఈ విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 8 అయితే అది 7.4 శాతం, 8.5 అయితే దాదాపు 20 శాతం అవుతుంది. పై లెక్కలోని పదిరోజుల తొట్టి పి.హెచ్. 8 అయితే విషరూప అమ్మోనియా లీటరుకు సుమారు 0.24 మిల్లీగ్రాములు ఉంటుంది. 0.05 మిల్లీగ్రాములు దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. పక్కింటి తొట్టిలో అదే చేప, అదే మేతతో బ్రతికి, మన తొట్టిలో చనిపోవడానికి ఒక కారణం ఇక్కడ తెలుస్తుంది.

2.2. నైట్రైట్

కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను ఆక్సిజన్‌తో కలిపి నైట్రైట్‌గా మారుస్తాయి. దానివల్ల వెలువడే శక్తే వాటికి జీవనాధారం. చేపకు మాత్రం ఇది ఒక ఆపద పోయి మరో ఆపద రావడమే. నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను మెథ్‌హిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అది ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ తగినంత ఉన్నా చేప ఊపిరాడక నీటిపైకి వస్తుంది. క్లోరైడ్ అయాన్లు మొప్పల వద్ద నైట్రైట్ ప్రవేశాన్ని అడ్డుకుంటాయి. అందుకే ఆపత్కాలంలో కొద్దిగా ఉప్పు వేయడం ప్రాణరక్షణ చర్యగా పనిచేస్తుంది. అది తాత్కాలిక ఉపశమనమే కాని పరిష్కారం కాదు.

2.3. నైట్రేట్

మరో వర్గపు సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ‘ట్రై’, ‘ట్రే’ అన్న ఒక్క అక్షరం తేడాతో వినిపించే ఈ రెండు పదాల మధ్య విషప్రభావంలో ఎంతో అంతరముంది. తరగతిలో విద్యార్థులు తరచుగా పొరబడేదీ ఇక్కడే. నైట్రేట్ తక్కువ హానికరం, అయితే తొట్టిలో పేరుకుంటూ పోతుంది. నీరు మార్చడం, మొక్కలు పెంచడం దానిని తగ్గించే మార్గాలు. ఆక్సిజన్ లేని చోట కొన్ని సూక్ష్మజీవులు దానిని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతాయి. దీనిని వినత్రీకరణం అంటారు. పలుచని గులకరాళ్ల పొర మాత్రమే ఉండే గాజుతొట్టిలో ఇది అరుదు.

కొలమానాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పరీక్షలు ఫలితాన్ని ‘నత్రజనిగా’ చూపుతాయి, కొన్ని ‘నైట్రేట్‌గా’ చూపుతాయి. నత్రజనిగా లీటరుకు 10 మిల్లీగ్రాములంటే నైట్రేట్‌గా సుమారు 44 మిల్లీగ్రాములు. ఈ భేదాన్ని గమనించకుండా రెండు ఫలితాలను పోల్చితే నిర్ణయం నాలుగు రెట్లు తప్పుతుంది.

3. నత్రీకరణ సూక్ష్మజీవుల గుర్తింపు

నత్రీకరణం కేవలం రసాయనిక చర్య కాదని, జీవప్రక్రియ అని ఫ్రాన్స్‌కు చెందిన థియోఫిల్ ష్లోసింగ్, అషిల్ మ్యూంట్జ్ 1877లో నిరూపించారు. వారు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవైన గొట్టం గుండా మురుగునీటిని పంపారు. సుమారు ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. ఆ తరువాత అమ్మోనియా తగ్గి నైట్రేట్ కనిపించింది. క్లోరోఫామ్ ఆవిరిని పంపగా ప్రక్రియ ఆగిపోయింది. క్లోరోఫామ్‌ను తొలగించి కొద్దిగా మట్టి కడిగిన నీటిని చేర్చగా మళ్లీ మొదలైంది.

కొత్త అక్వేరియం నేర్పే మూడు పాఠాలూ ఈ ఒక్క ప్రయోగంలోనే ఉన్నాయి. ఎదురుచూపు తప్పదు. క్రిమిసంహారకం ప్రక్రియను ఆపుతుంది. జీవమున్న చోటు నుండి తెచ్చిన కొద్దిపాటి ‘విత్తనం’ దానిని త్వరగా మొదలుపెడుతుంది.

1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ సూక్ష్మజీవులను వేరుచేసి, అవి సూర్యకాంతి లేకుండానే అమ్మోనియా, నైట్రైట్‌ల నుండి శక్తిని పొంది, కార్బన్ డయాక్సైడ్‌తో తమ దేహాన్ని నిర్మించుకుంటాయని చూపాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే రెండు పేర్లతోనే ఈ ప్రక్రియను బోధించాయి. తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మార్చాయి. అక్వేరియంలలో నైట్రైట్‌ను మార్చే ప్రధాన జీవి నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా అని 1998లో వెల్లడైంది. 2005లో అమెరికాలోని సియాటెల్‌లో ఒక ఉష్ణమండల సముద్ర అక్వేరియం నుండి నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అనే జీవిని వేరుచేశారు. అది బాక్టీరియా కాదు, ఆర్కియా వర్గానికి చెందినది. 2015లో అమ్మోనియాను నేరుగా నైట్రేట్ దాకా ఒంటరిగా మార్చగల నైట్రోస్పైరా జాతులను రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి ఆ జీవి దొరికింది చేపల పెంపక కేంద్రంలోని ఫిల్టరులో. చేపలతొట్టి మూలభూత విజ్ఞానానికి చేసిన ఉపకారం ఇది.

ఈ జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. ఇ.కోలి అనుకూల స్థితిలో సుమారు 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. నత్రీకరణ బాక్టీరియాకు అందుకు చాలా గంటల నుండి ఒక రోజుకు పైగా పడుతుంది. కొత్త తొట్టికి వారాలు పట్టడానికి కారణం ఈ మందగతే.

4. చెరువుకూ గాజుతొట్టికీ గల భేదం

శతాబ్దాల నాటి చెరువులో చేపలు ఎవరి సహాయం లేకుండా ఎలా బ్రతుకుతున్నాయి? చెరువులో నత్రజని చక్రంలోని దశలన్నింటికీ తగిన చోటు ఉంది. గాలి తగిలే పైనీటిలో, జమ్ము, తుంగ కాడలపై, రాళ్లపై పట్టిన జారుడు పాచిలో నత్రీకరణ జీవులు ఉంటాయి. నాచు, నీటిమొక్కలు అమ్మోనియాను, నైట్రేట్‌ను నేరుగా గ్రహిస్తాయి. ఆక్సిజన్ అందని అడుగుమట్టిలో వినత్రీకరణం సాగుతుంది. మిగిలిన నత్రజనిలో కొంత పూడికలో నిలుస్తుంది. ఎండాకాలంలో చెరువుమట్టిని పొలానికి తోలుకునే రైతు ఆ నత్రజనిని తిరిగి పంటకు చేరుస్తున్నాడు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికతీతలోనూ ఆ మట్టిని రైతులు పొలాలకు తరలించుకున్నారు.

గాజుతొట్టిలో నీరు చాలా తక్కువ, చేపలు చాలా ఎక్కువ. అడుగుమట్టి లేదు, పాతబడిన పాచి లేదు. చెరువులోని ఏర్పాటంతటికీ బదులు అరచేతిలో పట్టే ఫిల్టరు స్పాంజి మాత్రమే ఉంది. నత్రీకరణ జీవులు ప్రధానంగా నీటిలో తేలుతూ ఉండవు. స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్లపై జీవపొరగా అంటుకుని ఉంటాయి. కాబట్టి పాత తొట్టి నీటిని తెచ్చి పోయడం వల్ల ప్రయోజనం స్వల్పం, పాత స్పాంజి ముక్కను తెచ్చి పెట్టడం వల్ల ప్రయోజనం అధికం. ఈ జీవులు చెరువుమట్టిలోనూ ఉంటాయి గదా అని దానిని తెచ్చి వేయడం శ్రేయస్కరం కాదు. దానితోపాటు జలగలు, చేపపేలు వంటి పరాన్నజీవులు కూడా తొట్టిలోకి వస్తాయి.

5. మూడు నీటి వనరులు - మూడు సమస్యలు

5.1. బోరునీరు

ఈ జిల్లాల్లో అనేక చోట్ల నల్లరాతి నేలల నుండి వచ్చే బోరునీరు కఠినజలం, కొంత క్షారగుణం కలది. ఈ క్షారత ఒకవైపు మేలు, మరొకవైపు కీడు చేస్తుంది. నత్రీకరణంలో ఆమ్లం వెలువడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారేటప్పుడు కాల్షియం కార్బనేట్ లెక్కన 7.14 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. పై తొట్టిలో రోజుకు 0.32 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే లీటరుకు రోజుకు 2.3 మిల్లీగ్రాములు. లీటరుకు 250 మిల్లీగ్రాముల క్షారత ఉన్న బోరునీరు దీనిని నెలల తరబడి భరిస్తుంది. కీడు ఏమంటే, పి.హెచ్. ఎక్కువగా ఉండటం వల్ల తొలివారాల అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది.

రెండవ సమస్య నైట్రేట్. వరి, పత్తి, మిరప పైర్లకు వేసే యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పైరు గ్రహించనిదానిలో కొంత నైట్రేట్‌గా మారి భూగర్భజలంలోకి ఇంకుతుంది. పశువుల పెంట, మరుగుదొడ్ల గుంతలు ఇందుకు తోడవుతాయి. తెలంగాణలో అనేక చోట్ల భూగర్భజలంలో నైట్రేట్ పరిమితికి మించి ఉన్నట్లు కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు తెలుపుతున్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన పరిమితి నైట్రేట్‌గా లీటరుకు 45 మిల్లీగ్రాములు. బోరునీటిలోనే అంత నైట్రేట్ ఉంటే ఎన్నిసార్లు నీరు మార్చినా తొట్టిలో అంతకంటే తగ్గదు. అప్పుడు మొక్కలే శరణ్యం.

5.2. కుళాయి నీరు

పైపుల ద్వారా వచ్చే శుద్ధిచేసిన నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలపడం కూడా మామూలే. మనిషిని రోగాల నుండి కాపాడే ఈ క్లోరిన్ చేప మొప్పలను, నత్రీకరణ జీవులను నాశనం చేస్తుంది. వెడల్పాటి బకెట్లలో నీటిని ఒక రోజు ఆరుబయట ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. త్వరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్, అంటే ఫోటో స్టూడియోల వారు వాడిన ‘హైపో’, వేయవచ్చు. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో స్ఫటికాలు కావాలి. లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 50 లీటర్ల నీటికి 175 మిల్లీగ్రాములు సరిపోతుంది.

5.3. ఆర్.ఓ. ప్లాంటు నీరు

ఊరూరా వెలసిన ఆర్.ఓ. ప్లాంట్ల నుండి తెచ్చే ఇరవై లీటర్ల క్యాన్ల నీరే శ్రేష్ఠమని భావించి తొట్టిని దానితోనే నింపేవారున్నారు. ఇది తాగడానికి తేట నీరే, నత్రీకరణానికి మాత్రం బలంలేని నీరు. అందులో క్షారత లీటరుకు 20 మిల్లీగ్రాములే ఉంటే పై లెక్క ప్రకారం తొమ్మిది రోజుల్లో ఖర్చయిపోతుంది. తరువాత పి.హెచ్. హఠాత్తుగా పడిపోతుంది. 6 కంటే తగ్గితే నత్రీకరణం బాగా మందగిస్తుంది. బోరునీటిలో నైట్రేట్ ఎక్కువైనప్పుడు దానితో ఆర్.ఓ. నీటిని సగపాళ్లలో కలిపి వాడడం ఉభయతారకం.

6. చేపలు లేకుండా చక్రస్థాపన

చేపలను వదిలి, వాటి విసర్జితాలతోనే సూక్ష్మజీవులను పెంచడం పాత పద్ధతి. అందులో చేపల బాధ, మరణం అనివార్యం. అమ్మోనియాను బయటి నుండి కొలత ప్రకారం ఇచ్చి, సూక్ష్మజీవులు స్థిరపడ్డాక చేపలను తేవడం నేటి పద్ధతి. డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర విభాగాలు దీనిని విద్యార్థి ప్రాజెక్టుగా సులభంగా చేయించవచ్చు.

ఇందుకు తగిన పదార్థం అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవారు వాడే నవాసాగరం ఇదే. అయితే బజారు సరుకులో మలినాలుండవచ్చు కాబట్టి ప్రయోగశాలకు వచ్చే శుద్ధమైనదానినే వాడాలి. 50 లీటర్ల నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావడానికి 0.31 గ్రాములు చాలు. విధానం ఇది:

1. క్లోరిన్ పోగొట్టిన నీటిని నింపి, ఫిల్టరును, గాలిమోటారును రాత్రింబగళ్లు నడపాలి.
2. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుండి స్పాంజి ముక్క లభిస్తే ఫిల్టరులో ఉంచాలి.
3. పైన చెప్పిన కొలతలో అమ్మోనియం క్లోరైడ్‌ను కరిగించి పోయాలి. సూక్ష్మజీవులకు ఫాస్ఫరస్ కూడా అవసరం కాబట్టి చిటికెడు చేపల మేత చేర్చాలి.
4. రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్, పి.హెచ్. కొలిచి తేదీతో నమోదు చేయాలి.
5. అమ్మోనియా శూన్యానికి చేరువైనప్పుడు మళ్లీ అదే కొలతలో ఇవ్వాలి. నైట్రైట్ పరీక్షాపెట్టె చూపగల పైహద్దును దాటితే అమ్మోనియా ఇవ్వడం ఆపి, సగం నీరు మార్చాలి.
6. ఇచ్చిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా 24 గంటల్లో శూన్యమై, నైట్రైట్ కూడా శూన్యంగా ఉంటే చక్రం స్థిరపడినట్లు.

మొదటి వారంలో సంఖ్యలు కదలవు. తరువాత అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. నైట్రైట్ ఎక్కువగా ఉండే ఈ మధ్యదశే దీర్ఘమైనది, ఓర్పును పరీక్షించేది. మొత్తం సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పాత స్పాంజి ఉంటే ఇంకా ముందే ముగియవచ్చు. చక్రం స్థిరపడ్డాక సగానికి పైగా నీరు మార్చి, పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించి, చేపలను నాలుగైదు చొప్పున, వారం వ్యవధితో వదలాలి. ఒకేసారి ఇరవై చేపలను వదిలితే ఉన్న సూక్ష్మజీవులకు ఆ భారం మించిపోతుంది.

7. స్థిరపడిన చక్రాన్ని భంగపరిచే అలవాట్లు

మొదటిది స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడగడం. తొట్టి నుండి తీసిన నీటిలోనే దానిని రెండుసార్లు పిండితే చాలు. స్పాంజికి పట్టిన గోధుమరంగు జారుడు మురికి కాదు, అదే తొట్టికి ప్రాణాధారం. రెండవది విద్యుత్తు ఆదా కోసం రాత్రిపూట మోటారు ఆపడం. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని మారడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అందులోనే చేపలూ శ్వాసించాలి. వేసవిలో కరెంటు గంటల తరబడి పోయినప్పుడు మేత వేయకుండా ఉండటం, చెంబుతో నీటిని పైకెత్తి పోయడం మేలు. మూడవది అధికంగా మేత వేయడం. నాలుగవది ఒక చేపకు జబ్బు చేస్తే తొట్టి అంతటిలో యాంటిబయాటిక్ మందులు వేయడం. జబ్బు చేసిన చేపను వేరే పాత్రలో ఉంచి చికిత్స చేయడం ఉత్తమం.

నీటిమొక్కలు ఈ పొరపాట్లలో కొన్నింటిని సరిదిద్దుతాయి. అంతరతామర, హైడ్రిల్లా వంటివి అమ్మోనియాను ఇష్టంగా గ్రహిస్తాయి. పెరిగిన భాగాన్ని కత్తిరించి తీసివేస్తేనే నత్రజని తొట్టి నుండి బయటికి పోతుంది. ఆ ముక్కలను, పెంచలేని చేపలను చెరువులో పారవేయరాదు.

8. ముగింపు

* కొత్త తొట్టిలో చేపల మరణానికి ప్రధాన కారణం అమ్మోనియా, నైట్రైట్‌లను మార్చే సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడకపోవడం. తేటగా కనిపించినంత మాత్రాన నీరు సురక్షితం కాదు.
* ఒకే విధానం అన్ని ఇళ్లకూ సరిపడదు. బోరునీటికి నైట్రేట్, కుళాయి నీటికి క్లోరిన్, ఆర్.ఓ. నీటికి క్షారత ముందుగా చూడవలసిన అంశాలు.
* అమ్మోనియం క్లోరైడ్‌తో చేపలు లేకుండా చక్రాన్ని స్థాపించడం ప్రాణహాని లేని మార్గం, కళాశాల స్థాయిలో ఆచరణసాధ్యమైన ప్రయోగం.
* చెరువులో అడుగుమట్టి, పాచి, మొక్కలు కలిసి చేసే పనిని తొట్టిలో స్పాంజి, మొక్కలు, నీటిమార్పిడి కలిసి చేయవలసి ఉంటుంది.

చివరగా ఒక మాట. చేపల కోసం కొన్న పరీక్షాపెట్టెతో తొట్టిలో పోసే బోరునీటిని కూడా ఒకసారి పరీక్షించడం అవసరం. నైట్రేట్ అధికంగా ఉన్న నీటితో పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డల దేహంలో అది నైట్రైట్‌గా మారి, చేపకు జరిగినట్లే రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. బిడ్డ దేహం నీలివర్ణానికి తిరిగే ఆ స్థితిని నివారించడమే 45 మిల్లీగ్రాముల పరిమితి వెనుక ఉన్న ముఖ్యోద్దేశం. మరిగించినంత మాత్రాన నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. పరీక్షాపెట్టెలో రంగు ముదిరితే ఆ నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి. అంతవరకు పసివారికి ఆ నీటిని వాడరాదు.